వాటం చూడటానికి పోసిన బిందె

ముంగిట్లో బండలు పరిచే పనికి ధర చెప్పమంటే, ఏ ఇంట్లోనైనా నేను ముందు అడిగేది ఒక బిందె నీళ్లు. నేల మీద పోస్తే వాన నీళ్లు ఎటు పారతాయో కనిపిస్తుంది. ఆ వాటం తెలిస్తేనే మట్టి ఎంత ఎత్తాలో, కూలి ఎంత పడుతుందో చెప్పగలను.

ఈ రోజు కదిరి సంతలో గాజులమ్మే లింగమ్మక్క ఇంట్లోనూ ఎందుకో చెప్పకుండానే అలాగే అడిగాను. ఆమె తెచ్చిన బిందెను తెచ్చినట్టే ముంగిట్లో కుమ్మరించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది.

"ఏమక్కా?" అన్నాను.

"తాగేకి అడిగినావనుకొంటి కదప్పా. తెల్లారకముందే వంక ఇసకలో చెలమ తోడి తెచ్చుకున్న నీళ్లు అవి."

తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేవాణ్ణే. ఆమె మాత్రం నీళ్లు పారిన దారి వెంటే నడిచి, మూలనున్న మల్లెచెట్టు దగ్గర ఆగింది.

"పోనీలే, దీనికే పోయినాయి. ఎండిపోతాండాది పాపం. ఈడ మాత్రం బండ వెయ్యొద్దప్పా," అంది. లోపలికి పోయి, కుండలో మిగిలిన నీళ్లు చెంబుతో తెచ్చి నా చేతికిచ్చింది. "నువ్వు తాగనే లేదు కదా."

ఆ చల్లదనం ఇంకా గొంతులోనే ఉంది.

బండలకు, సున్నానికి, కూలికి ధర చెప్పి వచ్చాను. పని మొదలుపెట్టే రోజు తాడిపత్రి బండలతో పాటు మా వీధి బావి నీళ్లు కూడా నాలుగు బిందెలు ఎద్దుల బండి మీద పోతాయి. ఆ నీళ్ల బాడుగ ఆమెకు చెప్పిన ధరలో కలపలేదు. మీరైతే కలిపేవారా?