చిన్నాయన తెరిచిన కళ్ళు

పాత ఫొటోల చరిత్రంటే ప్రాణం పెట్టేవాళ్ళు కొందరు కలిసి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయి నన్ను కూడా అందులో చేర్చింది. ఆ పిల్ల ఇప్పుడు ఊరూరూ తిరిగి మూతపడ్డ స్టూడియోల నెగటివులు ఏరుకొస్తూ ఉంటుంది. గ్రూపులో రోజూ ఏవో కబుర్లు. ఫలానా ఊళ్ళో అటక మీద చెక్క కెమెరా దొరికిందని, ఫలానా చోట పాత స్టూడియో పడగొట్టేశారని. నేను కాఫీ తాగుతూ చదివి, దండం పెట్టే చేతుల బొమ్మ ఒకటి పంపి, ఫోను పక్కన పడేస్తాను. ధర్మవరంలో రిటైరై కూర్చున్న పంతులమ్మకు అంతకంటే పనేముంది? పోయిన నెల వచ్చిన కబురును మాత్రం అట్లా పక్కన పెట్టలేకపోయాను. హిందూపురంలో ఒక కల్యాణమండపం తీసుకుని, మా చుట్టుపక్కల స్టూడియోలు తీసిన ఫొటోలతో ప్రదర్శన పెడుతున్నారట. ఇళ్ళల్లోని పాత పటాలు తెస్తే కాపీ తీసుకుని భద్రంగా తిరిగి ఇచ్చేస్తారట. ఆ అమ్మాయి నాకు విడిగా రాసింది: "మేడమ్, మీ చిన్నాయన తీసినవే ఎక్కువ వచ్చినాయి. మీ అమ్మగారి ఫొటో కూడా తెస్తారా?"

మా అమ్మకు ఉన్నది ఒక్కటే ఫొటో. అది కూడా ఆమె పోయిన తర్వాత తీసింది. మరిది హిందూపురంలో స్టూడియో పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళందరి మొహాలూ పటాలు కడుతుంటే, సొంత వదినకు మాత్రం బతికుండగా ఒక్క ఫొటో లేకపోయింది. దానికి కారణం మా అవ్వ. ఫొటో తీస్తే మనిషి ఆయుష్షు తరిగిపోతుందని ఆమె గట్టి నమ్మకం. కొడుకు ఆ పనే చేసి బతుకుతున్నాడు కదా అని ఎవరన్నా అడిగితే, "ఊర్లో వాళ్ళ ఆయుష్షు వాళ్ళిష్టం, మా ఇంట్లోకి ఆ పెట్టె తేవద్దు" అనేది. అందుకని చిన్నాయన పెనుకొండలో మా ఇంటికి వచ్చేటప్పుడు కెమెరాను స్టూడియోలోనే వదిలి వచ్చేవాడు. ఇంత కాపలా కాసినా మా అమ్మ ఆయుష్షు ఎట్లా తరిగిపోయిందో అవ్వ ఎవరికీ చెప్పలేకపోయింది. ఏదో జ్వరమన్నారు. నాకు అప్పుడు ఐదేళ్ళు ఉంటాయేమో. అమ్మ మొహం నాకు గుర్తులేదు. ఆమె చీరకొంగుకు ఉండే పసుపు వాసన గుర్తుంది, అంతే.

చిన్నాయన గురించి చెప్పాలి. పెళ్ళి చేసుకోలేదు. సన్నగా, పొడుగ్గా, సీసా అడుగుల్లాంటి లావుపాటి కళ్ళద్దాలతో ఉండేవాడు. ఆ అద్దాల వెనక కళ్ళు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. మాట తక్కువ. స్టూడియోలో మాత్రం దర్జాగా ఉండేవాడు. గోడకు పెద్ద తెర, దాని మీద నీలం సముద్రం, తెరచాప పడవ. తాగే నీళ్ళకే కటకటలాడే మా సీమలో జనమంతా ఆ సముద్రం ముందు బిగుసుకుని కూర్చుని ఫొటో దిగారు. "కదలాకండి, రెప్ప కొట్టాకండి" అని నల్లగుడ్డలోంచి వినపడేది. కిటికీ పక్కన ఒక వాలుబల్ల ఉండేది. దాని మధ్యలో నెగటివు పెట్టి మొహాల మీది మచ్చలు సన్నటి పెన్సిలుతో సరిదిద్దేవాడు. కిటికీ వెలుతురు నెగటివు కింది నుంచి పైకి కొట్టడానికి బల్ల అడుగున చేతెడు అద్దం ఉండేది. సెలవుల్లో నన్ను తీసుకుపోయినప్పుడు ఆ అద్దంలో నా మొహం చూసుకోవడమే నాకు పెద్ద ఆట. ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, ముక్కు బల్లకు ఆనుతుందేమో అన్నట్టు వంగి పనిచేసేవాడు. అట్లాంటప్పుడు పిలిచినా పలికేవాడు కాదు.

మా అమ్మ పోయిన రోజు ఆయన మొదటిసారి కెమెరాతో మా గడప తొక్కాడు. అవ్వ అడ్డు చెప్పలేదు. అప్పట్లో మా వైపు పోయినవాళ్ళకు స్నానం చేయించి, కొత్త బట్ట కట్టి, కుర్చీలో దిండ్ల ఆసరాతో కూర్చోబెట్టి ఫొటో తీయించుకోవడం ఉండేది. బతికుండగా ఫొటో లేనివాళ్ళకు అదే మొదటిది, అదే చివరిది. అమ్మకు ధర్మవరం పట్టుచీర కట్టారు, నుదుట పెద్ద బొట్టు పెట్టారు. పటం కట్టి ఇంటికి తెచ్చాక నేను దాన్ని చూసి, "అమ్మ నిద్రపోతాంది. లేపు చిన్నాయనా" అన్నానట. ఇది నాకు గుర్తులేదు, మా అత్తయ్య చెప్పగా విన్నదే. చిన్నాయన పటాన్ని గోడ మీద నుంచి దించి, గుడ్డలో చుట్టుకుని, "లేపుకొని తెస్తాలే పాపా" అని హిందూపురం వెళ్ళిపోయాడు. తిరిగి తెచ్చేసరికి అమ్మ కళ్ళు తెరుచుకుని ఉంది. కుంచెతో ఎంత నేర్పుగా గీశాడంటే, చూసినవాళ్ళు బతికున్నప్పుడు తీసిన ఫొటోనే అనుకున్నారు. ఆ మాట పాకిపోయింది. అప్పటి నుంచి రొద్దం, ముదిగుబ్బ దాకా ఎవరు పోయినా చిన్నాయనకే కబురు పెట్టి, కళ్ళు తెరిపించుకునేవాళ్ళు.

నేను ఆ కళ్ళతో మాట్లాడుతూ పెరిగాను. పరీక్ష పాసైతే వాటికే ముందు చెప్పాను. పెళ్ళికి ముందు వాటి ముందే నిలబడి ఏడ్చాను. ఎడమ రెప్ప కొంచెం వాలి ఉండేది, ఎవరికీ తెలియని సంగతి ఒకటి నాకు చెప్పబోతున్నట్టు. మా అత్తయ్య మాత్రం, "మీ యమ్మవి ఇంత పెద్ద కండ్లు కావే, చిన్నవి. నవ్వితే మూసకపోయేటివి" అనేది. ఆమెకు వదినంటే మొదటి నుంచీ గిట్టదు కాబట్టి, ఓర్వలేక అంటోందని కొట్టిపారేశాను. అమ్మ మొహం గుర్తులేని నాకు ఆ కళ్ళే మిగిలాయి. వాటిని కూడా అత్తయ్య చేతికి ఇస్తానా?

పటాన్ని పాత దుప్పటిలో చుట్టుకుని పొద్దున రైలెక్కాను. ఎదురుగా కూర్చున్నామె ఆ మూటను చూసి, "దేవుని పటమా అమ్మా?" అంది. మా అమ్మ అన్నాను. ఆమె దుప్పటి మీద నుంచే తాకి కళ్ళకద్దుకుంది. రైలు పెనుకొండలో ఆగినప్పుడు కొండ వైపు చూశాను. మా ఇల్లు ఇప్పుడు లేదు, ఆ చోట ఎరువుల దుకాణం ఉంది. హిందూపురంలో దిగి ఆటోలో మండపానికి వెళ్ళేసరికి జనం బాగానే ఉన్నారు. ఆ అమ్మాయి ఎదురొచ్చి పటం అందుకుని, కాపీ తీయడానికి లోపలికి తీసుకుపోయింది. నేను గోడల వెంట నడిచాను. సముద్రం ముందు పెళ్ళి జంటలు, పడవ పక్కన అన్నదమ్ములు. నవ్వుకుంటూ చూశాను. అట్లా చూస్తూ చివరి గోడ దగ్గరికి వచ్చాను. దాని మీద ఉన్నవాళ్ళందరూ పోయినవాళ్ళే. కుర్చీలో కూర్చోబెట్టి తీసినవి, చిన్నాయన కళ్ళు తెరిపించినవి.

మీసాలాయన ఒకరు. బోసినోటి ముసలామె. మెళ్ళో పసుపుతాడు ఇంకా తడారని కొత్తకోడలు. టోపీ పెట్టుకున్న సాయబు. అందరివీ మా అమ్మ కళ్ళే. అదే చూపు, అదే వాలిన ఎడమ రెప్ప. నేను రహస్యాలు చెప్పుకున్న కళ్ళు ఊరందరికీ అతికించిన కళ్ళా? అత్తయ్య చెప్పిందే నిజమా? మరి అమ్మవేవి? అరవై ఏళ్ళు దాటాక మళ్ళీ ఆమె చచ్చిపోయినట్టయింది నాకు.

"ఏమ్మా, నువ్వు మన ఫొటో ఆయప్ప అన్న కూతురివి గదా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. చూస్తే పెనుకొండ భాయ్. ఒకప్పుడు ఆయనకూ స్టూడియో ఉండేది. చిన్నాయనకు ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు. ఇప్పుడు చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. "ఇవన్నీ ఒకే కండ్లు భాయ్. మా అమ్మవి కూడా ఇవే" అన్నాను. ఆయన నా వైపు తిరిగాడు. "ఎవరివో తెల్దా నీకు? దా, చూపిస్తా" అని పక్క గోడ దగ్గరికి నడిపించాడు.

అక్కడ ఒక కుర్రాడి ఫొటో ఉంది. కళ్ళద్దాలు చేతిలో పట్టుకుని, ఎవరో బలవంతం చేస్తే కూర్చున్నట్టు సిగ్గుపడుతూ చూస్తున్నాడు. కుడి రెప్ప కొంచెం వాలి ఉంది. కళ్ళద్దాలు లేకుండా చిన్నాయన మొహాన్ని నేను ఎదురుగా ఎప్పుడూ చూడలేదు.

"ఇది నేను తీసిందేనమ్మా. జన్మలో ఒక్కసారి కూసున్నాడు కెమెరా ముందర" అన్నాడు భాయ్. "మీ యమ్మ పటానికి కండ్లు గీసినబ్బుడు నేను పక్కనే ఉండాను. గీసేది, తుడిచేది. గీసేది, తుడిచేది. 'వదిన అన్నం పెడితే తల వంచుకోని తిన్యానే గానీ, ఒగ దినమన్నా మొగం చూడలేదు భాయ్. కండ్లు ఎట్లుంటాయో గుర్తుకొస్తాల్యా' అని ఒగటే ఏడుపు. పాపకు మాటిచ్చినాను, ఉత్త చేతుల్తో యాడికి పోయేది అన్యాడు. యింగ ఆ బల్లకింది అద్దం పెరికి ఎదురుగా నిలబెట్టుకున్యాడు. దాంట్లో చూసుకుంటా గీసినాడు. అద్దంలో చూసి గీస్తే కుడిది ఎడమకొస్తాది గదా, అదే నువ్వు చూస్తాండేది. ఆ పొద్దు చెయ్యి అట్ల అలవాటు పడిపాయ. అప్పట్నించి ఎవరికి గీసినా అవే."

నేను ఆ కుర్రాడి ముందు కూర్చుండిపోయాను. ఎవరో కుర్చీ తెచ్చి వేశారని తర్వాత తెలిసింది. చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది. రంగుల ఫొటోలు వచ్చాక స్టూడియోకు జనం తగ్గారు. ఆయన చివరిదాకా ఆ సముద్రం తెర కిందే మంచం వేసుకుని పడుకునేవాడు. పోయినప్పుడు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీసేవాళ్ళు ఎవరూ లేకపోయారు. అందరికీ పటాలు కట్టిన మనిషికి మా ఇంట్లో పటం లేదే అని పెద్దకర్మ రోజున అందరం అనుకున్నాం. దండ వేయడానికి ఏమీ లేక, ఉత్త గోడకు దీపం చూపించాం. ఆ గోడకు ఎదురుగానే అమ్మ పటం వేలాడుతూ ఉంది.

సాయంత్రం ప్యాసింజరులో తిరిగి వచ్చాను. ఆ అమ్మాయి కుర్రాడి ఫొటోకు కాపీ తీసి ఇస్తానంది, వద్దన్నాను. ఇల్లు చేరి, దుప్పటి విప్పి, పటాన్ని మళ్ళీ మేకుకు తగిలించాను. చీర అమ్మది, బొట్టు అమ్మది, ఒళ్ళో పెట్టుకున్న చేతులు అమ్మవి. ఆమె కళ్ళు మాత్రం అవ్వ నమ్మకంలో పడి ఈ లోకంలో ఎక్కడా మిగలకుండా పోయాయి. ఇక దొరకవు. ఆ దుఃఖం నాకు తీరేది కాదు. అయినా అలవాటు కొద్దీ పటం ముందు నిలబడ్డాను. ఎప్పటిలాగే "అమ్మా" అనబోయాను. నోటికి "చిన్నాయనా" అని వచ్చింది. వాలిన రెప్ప కింది నుంచి ఆయన నన్ను చూస్తున్నాడు. కాలం అమ్మ మొహాన్ని నా దగ్గర నుంచి ఎప్పుడో తీసుకుపోయింది. ఇన్నేళ్ళూ నన్ను రెప్ప వేయకుండా చూసుకున్నది ఎవరో చెప్పడానికి మాత్రం, నేను ముసలిదాన్నయ్యేదాకా ఆగింది.