మెత్తగానే ఉన్నాయి, దూకు

మిత్రులారా, మన వీధి ఉత్సవ కమిటీ రేపు టీవీ కుస్తీ ఆట పేరుతో బడిపిల్లల చేత నిచ్చెన మీంచి ట్యూబ్‌లైట్ల మీదకి దూకిస్తోంది. పిల్లల ఎముకలతో వినోదమా అని కార్యదర్శిని నిలదీశాను. నవ్వాడు.

"దెబ్బ తగల్దంటే ఎవుడు సూస్తాడ్రా? జనానికి అదే కావాల."

అది అబద్ధం కాదు. అందుకే ఒళ్లు మండింది.

రాజాంలో మన చిన్నప్పుడు గుర్తుందా? టీవీలో కుస్తీ చూసి, మల్లయోధుల బొమ్మల కార్డులు జేబులో కుక్కుకుని రైసుమిల్లు వెనక్కి పరిగెత్తేవాళ్లం. ముక్కు నిండా తవుడు వాసన. గోడెక్కి ఊక బస్తాల మీదకి దూకడమే మన పోటీ. ఆ ఆదివారం గోడ మీద నిలబడి మన సింహాద్రి అడిగాడు.

"ఒరే, బస్తాలు మెత్తగున్నాయేటి?"

పొద్దున్నే హమాలీలు ఊక తీసేసి అక్కడ వడ్ల బస్తాలు వేయడం నేనొక్కడినే చూశాను. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. మీరంతా అరుస్తున్నారు. వాడు పడితే ఏమవుతుందో చూడాలని నాకూ ఉంది.

"మెత్తగానే ఉన్నాయి, దూకు" అన్నాను.

వాడిప్పటికీ కర్ర లేకుండా నడవలేడు. ఇవాళ మధ్యాహ్నం మొదటిసారి వాడికి నిజం చెప్పాను. వాడు కర్ర అందుకుని లేచాడు.

"రేపు నువ్వెల్లి ఆ నిచ్చెన కాడ నిలబడు. ఎవుడ్నీ ఎక్కనీకు. నానూ వస్తాను" అన్నాడు.

నన్ను తిట్టండి, కానీ రండి. రేపు సాయంత్రం ఐదింటికి, ఆట మొదలవకముందే, నిచ్చెన దగ్గరికి.