మేం కట్టిన ఊరు ఎవరిది?

జెర్సీ సిటీలో ఎమ్మెస్ చదివే రోజుల్లో నేనూ నా రూమ్మేటూ కలిసి ఒక ఊరు కట్టాం, కంప్యూటర్ గేమ్‌లో. రోడ్లు, నీళ్ల పైపులు, కరెంటు, బడులు, చెత్త లారీలు అన్నీ మేమే చూసుకోవాలి. ఆ చలికాలమంతా అతను వండితే నేను రోడ్లు వేశాను, నేను వండితే అతను పన్నులు పెంచాడు. గేమ్‌ను డిస్క్‌గా కొనలేదు, నా అకౌంట్‌లోకి డౌన్‌లోడ్ చేసుకున్నాం. చెరిసగం వేసుకున్నాం కాబట్టి, బియ్యం బస్తాలాగే అదీ ఉమ్మడి అనుకున్నాం.

చదువు అయిపోగానే అతనికి ట్రాయ్ అనే దూరపు ఊళ్లో ఉద్యోగం వచ్చింది. రూమ్ ఖాళీ చేసేటప్పుడు మా స్టూడెంట్లకు ఒక పద్ధతి ఉండేది. నేల మీద దుప్పటి పరిచి, సామానంతా దాని మీద పోసి పంచుకోవడం. ప్రెషర్ కుక్కర్ అతనికి, రైస్ కుక్కర్ నాకు. అంతా అయ్యాక అతను ల్యాప్‌టాప్ వైపు చూశాడు.

"మరి ఊరు?"

"అది నా అకౌంట్‌లో ఉంది కదరా."

"అయితే నీ ఒక్కడిదా? ఆ బ్రిడ్జి ఎవడు కట్టాడు? ఊరు లేకుండా నేను పోను మామా."

నవ్వుతూనే అన్నాడు గాని, ఆ బ్రిడ్జి కోసం అతను పరీక్షల వారంలో కూడా కూర్చున్న సంగతి నాకు తెలుసు.

కంపెనీకి మెయిల్ పెట్టాను. గేమ్ ఇంకొకరికి ఇవ్వడం కుదరదనీ, పాస్‌వర్డ్ పంచుకుంటే అకౌంట్ మూసేస్తామనీ జవాబు వచ్చింది. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను లైబ్రరీకి పోతాను. కాలేజీలో చదివింది కంప్యూటర్లే. ఈ దేశపు రాజ్యాంగంతో సహా మిగతాదంతా పబ్లిక్ లైబ్రరీలో సొంతంగా నేర్చుకున్నదే, ఆ మాట చెప్పుకోవడం నాకిప్పటికీ గర్వమే. మామూలు జనం కోసం రాసిన ఒక న్యాయశాస్త్రం పుస్తకంలో కావలసింది దొరికింది. పుస్తకం కొన్నాక ఆ ప్రతి మనదే, చదివి ఎరువివ్వొచ్చు, అమ్ముకోవచ్చు, అచ్చు వేసినవాడు అడ్డు చెప్పలేడు. నేను కూర్చున్న లైబ్రరీ నిలబడిందే ఆ సూత్రం మీద. మరి గేమ్‌కి ఎందుకు వర్తించదు?

ఇదే ఒక గేమింగ్ ఫోరమ్‌లో రాశాను. పేరు పక్కన కుందేలు బొమ్మ పెట్టుకున్న ఒకాయన వెంటనే దిగాడు. "నువ్వు గేమ్ కొనలేదు, ఆడుకోవడానికి అనుమతి కొన్నావు. చదవకుండా ఒప్పుకుంటున్నానని నొక్కింది నువ్వే."

నేను "సర్" అని మొదలుపెట్టి పెద్ద జవాబు రాశాను. ఇక్కడివాళ్లకు వాదనలో సర్ అంటే వెటకారమట, ఆయన మండిపడ్డాడు. క్షమించమంటూ రాసిన జవాబు కూడా "సారీ సర్" అనే మొదలైంది.

అది ఎన్నికల ఏడాది. కొన్న వస్తువు ఇంకొకరికి ఇచ్చుకునేలా ప్రభుత్వం చట్టం చేయాలన్నాను. ఇవాళ గేమ్‌లంటారు, రేపు మన వంటింట్లోకీ ప్రభుత్వాన్ని పిలుస్తారన్నాడాయన. అక్కణ్నుంచి పన్నులు, ఆరోగ్య బీమా, అధ్యక్షుడు. మధ్యలో ఎవరో "అసలు నీకు ఓటుందా?" అని అడిగారు. "లేదు, లైబ్రరీ కార్డుంది" అని రాశాను. "మంచి జవాబే, కానీ నువ్వు చెప్పేది తప్పే" అన్నాడు కుందేలాయన.

సూట్‌కేస్ సర్దుకుంటూ నా భుజం మీంచి చదివిన రూమ్మేటు నవ్వాడు. "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన కుందేలుకూ మూడే. బానే ఉంది గాని, శనివారం నా ఫ్లైట్ రా. ఊరి సంగతేంటి?"

నిజమే, వాదనలో పడి ఊరి సంగతే మరిచాను. చట్టం పక్కనపెట్టి ఫోరమ్‌లో ఉన్న సంగతి రాశాను: స్నేహితుడు వెళ్లిపోతున్నాడు, మేం కట్టిన ఊరు వెంట తీసుకెళ్లాలని ఆశపడుతున్నాడు.

పొద్దున లేచేసరికి కుందేలాయన జవాబు ఉంది. "గేమ్ కంపెనీది. మీరు కట్టిన ఊరు మాత్రం నీ కంప్యూటర్‌లోనే చిన్న ఫైల్‌గా ఉంటుంది. కాపీ చేసి ఇవ్వు. అతను తన గేమ్ తాను కొనుక్కుని అందులో తెరుచుకోవచ్చు." కింద ఆ ఫోల్డర్ ఎక్కడుందో వివరంగా రాసి, "ప్రభుత్వం విషయంలో మాత్రం నువ్వు తప్పే" అని ముగించాడు.

చదివింది కంప్యూటర్లు, వెతికింది న్యాయశాస్త్రంలో! రూమ్మేటు పగలబడి నవ్వాడు. ఊరిని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ప్రెషర్ కుక్కర్లో పెట్టి మూత బిగించాడు. ఆయనకు థ్యాంక్స్ రాశాను, సర్ అనే. ఈసారి ఆయన మండిపడలేదు.

అతను మళ్లీ డబ్బు పెట్టి కొనాల్సి రావడం అన్యాయమేనని నేనిప్పటికీ అంటాను. కానీ ఆదివారం మధ్యాహ్నం ట్రాయ్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆ మాట ఎత్తాలనిపించలేదు.

"తెరుచుకుంది మామా! బ్రిడ్జి ఉంది. అవునూ, బడి పక్కన చెత్త డంపు పెట్టింది ఎవడ్రా?"

"నువ్వే."

"సరే, అయితే తీసేస్తున్నా."

"ఉండు, మన ఊరు రా అది. నన్నడక్కుండా ఎలా తీస్తావ్?"

నా ల్యాప్‌టాప్‌లో ఆ చెత్త డంపు చాలాకాలం అక్కడే ఉంది.