ఇంటర్వ్యూకు కట్టిన చీర

ఏ యూనివర్సిటీ అని అడగకండి. దానికొక ఆస్పత్రి ఉంది, ఆ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు పోస్టులు పడ్డాయి. రాజంపేటలో ఓ చిన్న నర్సింగ్ హోంలో ఏళ్ల తరబడి సూదులు వేస్తున్న నాకు అదే చివరి అవకాశం. ఆ ఏడు గడిస్తే వయసు దాటిపోతుంది.

మాది మగ్గం ఇల్లు. ఇంటర్వ్యూ రోజున సింథటిక్ చీర కట్టుకుని బయల్దేరుతుంటే మా నాయన మగ్గం గుంటలోంచే కేక వేశాడు.

"నేసేవోళ్ల ఇంట్లో పుట్టి ఆ నైలాను గుడ్డ కట్టుకొని పోతాండావా? నా పరువు తీస్తాండావే!"

అమ్మకానికి ఉంచిన కొత్త చీర మడత విప్పి ఇచ్చాడు. ఆకుపచ్చ చీర, ఎర్ర కొంగు. కట్టుకుంటే నాకూ ముచ్చటేసింది, అబద్ధం చెప్పను.

నాకంటే ముందు లోపలికి వెళ్లినవాళ్లు చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చారు. షాక్‌లో ఉన్న రోగికి మొదట ఏం చేస్తావు, పసిబిడ్డకు డోసు ఎట్లా లెక్క కడతావు అని అడిగారట. అన్నీ నాకు వచ్చినవే. స్వామీ, నన్నూ ఇవే అడిగించు అని మొక్కుకుంటూ వెళ్లాను.

ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న మేడం నా సర్టిఫికెట్ల కోసం చెయ్యి చాపి, వాటిని వదిలేసి నా కొంగు పట్టుకుంది.

"ఈ చీర యాడ తీసుకున్నావమ్మా?"

"మా ఇంట్లోదే మేడం. మా నాయన నేసినాడు."

అంతే, ఇంటర్వ్యూ ముగిసి బేరం మొదలైంది. చేతిమగ్గమా, మరమగ్గమా? ఉతికితే రంగు దిగుతుందా? పక్కనున్న డాక్టరుగారికి కూతురి పెళ్లికి పెట్టుబడి చీరలు కావాలట. మూడో ఆయన, పంచెలు నేస్తారా అన్నాడు. అన్నిటికీ చక్కగా జవాబు చెప్పాను. రోగుల గురించి అడిగి ఉంటే ఇంకా చక్కగా చెప్పేదాన్ని.

ముగ్గురూ నా ఫోన్ నంబరు తీసుకున్నారు. సంగతి వినగానే నాయన మొహం వెలిగిపోయింది. "ఇంకేం, ఉద్యోగం నీకే! నా చీర పనిచేసినాది సూడు" అన్నాడు.

ఎంపికైనవాళ్లలో నేను లేను. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, నా పోటీదారును నేనే ఒంటికి చుట్టుకుపోయాను. వారం తిరక్కుండా మేడం ఫోను మాత్రం వచ్చింది. అట్లాంటిదే, నీలం రంగులో కావాలట. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. నాయనేమో నీలం నూలు తెచ్చి మగ్గానికెక్కించాడు. ఆయన బతుకు అదే కదా.

చీర ఇవ్వడానికి ఆ ఆస్పత్రికే వెళ్లాను. వరండాలో కొత్త నర్సులు నవ్వుకుంటూ పోతున్నారు. మేడం తన గదిలో చీర విప్పి, కిటికీ వెలుతురుకు పట్టి మురిసిపోయింది.

"చేతిలో ఇంత మంచి పని పెట్టుకొని నీకు ఉద్యోగమెందుకమ్మా?"

"నేసేది మా నాయన మేడం." గొంతు పెరిగింది, పెరగనీ అనుకున్నాను. "ఆ పొద్దు నేను ఈడికి వచ్చింది ఉద్యోగానికి."

ఆమె చీర మీంచి తలెత్తింది.

"అవును గదా. ఏ పోస్టుకమ్మా?"