బిట్‌స్ట్రీమ్, పీసీఎం, మా అక్క

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. భద్రాచలం అడవిలో ఎదురుగా పులి నిలబడ్డా బీడీ ఆర్పని మనిషిని. సరే, అది పులి కాదు, నక్క. బీడీ కూడా కిందపడ్డది. కానీ ఇప్పుడు చెప్పేది మాత్రం జరిగిందే.

రిటైరైనంక పాల్వంచలో నేనొక్కడినే ఉండే ఇంట్లో హోం థియేటర్ పెట్టించిన. డీవీడీ ప్లేయర్ మెనూలో డిజిటల్ ఆడియో ఔట్‌పుట్ అని ఉంటది. దాని కింద రెండే: పీసీఎం, బిట్‌స్ట్రీమ్. పేరు ఘనంగా ఉందని బిట్‌స్ట్రీమ్ నొక్కిన. టీవీ మీద జాగ లేదని, పక్క స్పీకర్ల మధ్యల పెట్టే నడుమ స్పీకర్‌ను వైరు పీకి అల్మారా ఎక్కించిన.

తల్లాడ నుంచి మా అక్క వచ్చింది. నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి. సినిమా పెడితే పాటలు, ఫైటింగులు ఇల్లదిరేటట్టు వస్తున్నయ్. మాటలు మాత్రం గుసగుసలే.

"ఏమంటుండురా వాడు?"

"నీకు చెవుడొచ్చిందే అక్కా!"

నిజానికి నాకూ వినబడలే. అడిగినప్పుడల్లా డైలాగులు నేనే కల్పించి, అరిచి చెప్పిన.

వారానికి మెకానిక్ వచ్చి చూసిండు. "మాటలొచ్చేదే ఆ నడుమ స్పీకర్‌ల సార్. అది లేనప్పుడు పీసీఎం పెట్టాలె, మాటలు పక్క స్పీకర్లకు వస్తయ్" అన్నడు. అక్క పెరట్ల ఉంది. ఇప్పుడు మారిస్తే నా తప్పు బయటపడతదని, ఉండనియ్ అని పంపేసిన.

అక్క నమ్మేసింది. ఎవరన్నా పలకరిస్తే "నాకు వినబడదు బిడ్డా" అని తనే ముందు చెప్పేది. రాను రాను మాట్లాడుడే మానేసింది. తిరిగి తల్లాడకు వెళ్ళిపోయింది. చెప్దాం, చెప్దాం అనుకుంటుండంగనే ఆ వానకాలం చనిపోయింది. ఆఖరికి దవాఖానాల డాక్టర్ ఏం నొప్పని అడిగినా, చెవి చూపించి ఊరుకుందట.

దినాలు అయినంక ఇంటికొచ్చి, ఓ మధ్యాహ్నం డీవీడీ పెట్టిన. ప్రతి మాటా స్పష్టంగా వినబడ్డది. మెనూ తీస్తే పీసీఎం. ఇంటి తాళంచెవి అన్ని రోజులూ నా జేబులనే ఉండె.

మళ్ళీ బిట్‌స్ట్రీమ్ పెట్టిన. మర్నాటికి పీసీఎం. మెకానిక్‌ను అడిగితే, "దానంతటది మారదు సార్. మొత్తం రీసెట్ అయినా బిట్‌స్ట్రీమ్‌కే పోతది" అన్నడు.

వైరు లేని ఆ నడుమ స్పీకర్ నుంచి అక్క "తమ్ముడూ" అని పిలిచిందని కాలనీ అంతా చెప్పుకుంట తిరిగిన. అది నా కల్పనే. ఏ గొంతూ రాలే. మారింది సెట్టింగ్ ఒక్కటే. ఎట్ల మారిందో ఇన్నేండ్లయినా నాకు తెల్వదు. మూడోసారి మార్చి చూసే ధైర్యం చాలలేదు.

రెండోసారి పీసీఎం కనబడ్డ ఆ పొద్దు సినిమా ఆపి, ఖాళీ హాల్లో, "అక్కా, నీ చెవులు మంచిగనే ఉన్నయ్" అన్న.

అలవాటు కొద్దీ అరిచే చెప్పిన.