చెరువాకు మీద పడిన నింద

కోవిడ్ సద్దుమణిగిన తర్వాతి ఏడాది, ఎండాకాలం చివర్లో జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను ముదిగుబ్బ వైపు పశువైద్యురాలిగా పనిచేస్తున్నాను. అక్కడ మా ఆసుపత్రికి వచ్చేవాటిలో ఆవుల కంటే గొర్రెలే ఎక్కువ. వేరుశనగ చేతికి రాని ఏడు కూడా ఇంటిని నిలబెట్టేవి గొర్రెలే కాబట్టి, ఒక్క గొర్రె మేత మానేసినా మనుషులు దాన్ని భుజాన వేసుకుని పరుగెత్తుకొస్తారు.

ఆ రోజు పొద్దున్నే దగ్గర్లోని ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఓబులేసు. భూమి ఉన్న కుటుంబం, సొంత మంద ఉన్న రైతు.

"మేడమ్, పొట్టేళ్లు చచ్చిపోయినాయి. మూడు. రాత్రి బాగానే ఉన్నాయి. నువ్వు వచ్చి విషమని రాసిస్తే చాలు. ఎవరు పెట్టినారో నాకు తెలుసు."

నేను వెళ్లేసరికి అతని దొడ్డి ముందు ఊరు సగం చేరింది. చనిపోయిన పొట్టేళ్లు మూడూ బాగా బలిసినవి. బక్రీదుకు అమ్ముదామని కదిరి సంతలో కొని తెచ్చినవట. జనానికి కొంచెం ఎడంగా, గోడ నీడలో ఒకామె కూర్చుని ఉంది. పేరు మరియమ్మ. ఓబులేసు మందను మేపేది ఆమే. ఆమెకు సొంతానికి నాలుగైదు గొర్రెలు ఉండేవి. ఆ పొద్దున ఓబులేసు వాటిని తన దొడ్డిలోకి తోలించి తడిక వేయించాడు. పోయిన పొట్టేళ్లకు బదులుగానట.

"ఏందో పిచ్చాకు తినిపిచ్చింది మేడమ్," అన్నాడు ఓబులేసు. "చెరువులో మొలిచిన కలుపు. మా పిన్నమ్మ కండ్లారా చూసింది."

నేను మరియమ్మ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఏం పెట్టావని అడిగాను. ఆమె కొంగు ముడి విప్పి వాడిన మొక్క ఒకటి నా చేతిలో పెట్టింది. నేలబారుగా పాకే రకం. ఆకులు ఈకలాగా చీలి ఉన్నాయి. చిన్న పసుపు పువ్వు, ఐదు రేకులు. అంతకుముందు ఏడాది వానలకు నిండిన చెరువు ఎండలకు వెనక్కి తగ్గితే, తడి మిగిలిన అంచు పొడుగునా పచ్చిక పరుచుకుంది. ఈ మొక్క అందులోదే. ఆమె దాన్ని చెరువాకు అంటుంది.

"నిన్న సాయంత్రం పొట్టేళ్లు నీళ్లనీళ్లుగా పారుకుంటాండె మేడమ్. మా నాయన పారుడుకు ఈ ఆకే నూరి పెడతాండె. అదే పెట్టినా." నా చేతిలోని మొక్కను వేలితో తాకింది. "మంచికని పెట్టినా. నా చేతులతోనే సంపుకున్యానేమో."

ఆమె ఏడవలేదు. చేతులు ఒడిలో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. తిట్టినవాళ్ల మీద కోపం కూడా ఆమెలో కనబడలేదు. వాళ్లు అన్నది నిజమేనని ఆమె అప్పటికే నమ్మేసింది.

మొక్క ఫొటో తీసి, వృక్షశాస్త్రం చెప్పే నా స్నేహితురాలికి పంపి, పోస్ట్‌మార్టం మొదలుపెట్టాను. ఓబులేసు పక్కనే నిలబడ్డాడు. మరియమ్మను కూడా దగ్గరికి పిలిచాను. ఆమె రావడం కొందరికి నచ్చలేదు. నేను పట్టించుకోలేదు.

గొర్రెకు రూమెన్ అని మొదటి పొట్ట ఉంటుంది. తిన్నది ముందు చేరేది అందులోకే. దాన్ని కోయగానే పుల్లటి వాసన గుప్పుమంది. లోపల ఆకు కంటే గింజలు ఎక్కువ కనిపించాయి. మొక్కజొన్న గింజలు, సగం నానినవి. మూత్రపిండం వేలితో నొక్కితే పిండిముద్దలా మెత్తగా ఉంది. మూత్రాశయంలోంచి కొంచెం మూత్రం తీసి, చక్కెర చూసే కాగితపు పట్టీని ముంచాను. రంగు మారి, చక్కెర ఉందని చూపింది. మిగతా రెండింటిలోనూ ఇవే గుర్తులు.

ఇవన్నీ కలిస్తే మాకు వెంటనే తట్టేది ఎంటెరోటాక్సీమియా. రైతులు చిటుకు రోగమంటారు. పేగుల్లో మామూలుగా ఉండే ఒక సూక్ష్మజీవి, అలవాటు లేని బలమైన మేత ఒక్కసారిగా పడితే విపరీతంగా పెరిగి విషం పుట్టిస్తుంది. మందలో బక్కవి మిగిలి బలిసినవే ముందు పోతాయి. టీకా వేస్తే చాలావరకు ఆగుతుంది.

ఇంతలో స్నేహితురాలి జవాబు వచ్చింది. ఆ మొక్క పొటెంటిల్లా అట, గులాబీల కుటుంబం. తడి నేలల్లో, పచ్చిక బయళ్లలో దానంతటదే పెరుగుతుంది. వేరు బతికి ఉంటే మళ్లీ చిగురిస్తుంది. గొర్రెలను చంపేంత విషం ఉందని తాను ఎక్కడా చదవలేదని రాసింది.

నేను చేతులు కడుక్కుంటూ ఓబులేసును అడిగాను. "అన్నా, వీటికి మొక్కజొన్నలు ఎవరు పెట్టారు?"

అతను ఠక్కున చెప్పాడు. "నేనే మేడమ్. రెండు దినాల నుంచి, మంద ఇంటికొచ్చినాక కడుపునిండా పెడతాండా. పండగకు కండ పడాల గదా."

ఆ మాట అనేశాక అతనికి నా ప్రశ్న అర్థమైంది. నా ముఖం చూశాడు. గొంతు తగ్గించి, "ఆ పక్కకు రా మేడమ్, మాట్లాడుకుందాం," అన్నాడు.

నాకూ అదే నయమనిపించింది. అతను చెడ్డవాడేమీ కాదు. సంతలో ఏరి తెచ్చుకుని, చేత్తో నిమిరి మేపుకున్న జీవాలు అవి. వాటిని చంపింది నీ చేతి మేతేనని నలుగురి ముందు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అతని వెంట ఒకటి రెండు అడుగులు వేశాను కూడా. కానీ వెనక మరియమ్మ ఉంది. పొద్దున్నుంచీ జనం ఆమెను నలుగురిలో నిలబెట్టే తిట్టారు. నేను నిజాన్ని దొడ్డి వెనక గుసగుసగా చెప్పి వెళ్లిపోతే, ఆ ఊళ్లో ఆమె బతికినంత కాలం గొర్రెలను చంపిన మనిషిగానే మిగిలిపోతుంది.

వెనక్కి తిరిగాను. అందరికీ వినబడేలా, "ఆకు వల్ల కాదు," అన్నాను. "అలవాటు లేని గింజలు ఒక్కసారిగా ఎక్కువ తినడం వల్ల చిటుకు రోగం వచ్చింది. సంతలో కొన్నవి కదా, టీకా పడి ఉండదు. మరియమ్మ ఆకు పెట్టేసరికే రోగం మొదలైంది. పారుడు దాని గుర్తే. ఆ ఆకు వీటిని కాపాడలేదు, చంపనూ లేదు."

మరియమ్మ ఆకు పెట్టడం చూశానన్న ఓబులేసు పిన్నమ్మే ముందుకొచ్చి, "ఏమప్పా ఓబులేసూ, ఆయమ్మ గొర్రెలు ఇంకా నీ దొడ్డిలో ఎందుకుండాయి?" అంది.

ఓబులేసు పోయి తడిక తీశాడు. మరియమ్మ గొర్రెలను తానే అదిలించుకుంటూ ఆమె ముందుకు తెచ్చాడు.

"తెలీక అంటినమ్మా," అన్నాడు.

"నాకూ తెల్దుకదన్నా," అంది మరియమ్మ. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆమె గొర్రెలను లెక్క కూడా చూసుకోలేదు. ముందున్న దాని మెడ కావలించుకుని, అప్పుడు ఏడ్చింది.

మర్నాడు ఆ ఊరి గొర్రెలన్నిటికీ టీకాలు వేశాం. ఓబులేసే ఇల్లిల్లూ తిరిగి మందలను తోలించాడు. మళ్లీ మంద మేపడానికి రమ్మని మరియమ్మను అడిగాడట. ఆమె వెళ్లలేదు. ఆ తర్వాత తన గొర్రెలను మాత్రమే చెరువు అంచున మేపుకునేది. దోవలో కనిపించినప్పుడు ఇద్దరూ మామూలుగానే పలకరించుకునేవాళ్లు. అయినా ఆమె మాత్రం మళ్లీ ఆ దొడ్డి గడప తొక్కలేదు.

చచ్చిన పశువుకు కారణం కనిపెట్టడంతో నా పని అయిపోతుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఇప్పుడు ఏ ఊళ్లో పోస్ట్‌మార్టం చేసినా, ముందు ఎవరి మీద అనుమానం పడిందో అడుగుతాను. ఆ మనిషిని పిలిపించి దగ్గర నిలబెట్టుకుంటాను. నింద ఎంతమందిలో పడిందో, అది తప్పని చెప్పే మాట కూడా అంతమందికీ వినబడాలి.