నాయన దొరతో చెప్పిన మాట

ఆయన నాకంటే మూడేళ్లు చిన్నవాడు. ఆ సంగతి తెలిసిన నిమిషం నుంచే ఆయనంటే నాకు గిట్టకుండా పోయింది.

డెబ్భైల చివర్లో తిరుపతిలో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. కొండ దిగి వచ్చిన కుటుంబాలు గుండ్లకు చందనం పూసుకుని వరసగా నిలబడితే తీసేవాణ్ణి. ముహూర్తాలప్పుడు పెళ్లిళ్లు. అంతకుముందు సినిమా కెమెరా అసిస్టెంటు కావాలని మద్రాసులో నాలుగేళ్లు తిరిగాను. ట్రాలీ పట్టాలు మోశానే గాని, ఒక్కసారి కూడా కెమెరాకు కన్ను ఆనించనివ్వలేదు. విసిగి తిరిగొచ్చేశాను.

ఆయన ఇంగ్లండు నుంచి వచ్చిన డాక్యుమెంటరీ దర్శకుడు. చేనేత మీద సినిమా తీయాలని, తెలుగూ ఇంగ్లీషూ వచ్చిన మనిషి కోసం వెతుకుతుంటే ఎవరో లాడ్జి మేనేజరు నా స్టూడియో చూపించాడట. మాది నగరి పక్క నేతపనివాళ్ల ఊరనీ, చుట్టూ కరెంటు మగ్గాలు వచ్చేసినా మా నాయన ఇంకా గుంట మగ్గం మీదే నేస్తున్నాడనీ చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మా ఊరికి పోతూ జీపులో తన సంగతి చెప్పాడు. పదిహేడో ఏట ఎడిటింగు గదిలో టీ కప్పులు కడిగే పనితో మొదలుపెట్టాడట. తర్వాత ఫిల్ము ముక్కలు అతికించడం. ఆ తర్వాత బొగ్గుగని కూలీల మీద ఒక చిత్రం, సముద్రంలో చేపలు పట్టేవాళ్ల మీద ఒకటి. మధ్యలో నటులను పెట్టి కథాచిత్రం తీస్తే అది ఆడలేదు.

"ఆడకపోవడమే మంచిదైంది. మళ్లీ మామూలు మనుషుల దగ్గరికి వచ్చాను" అని నవ్వాడు.

నాకు కడుపు మండింది. ఆడకుండా పోవడానికైనా నాకొక సినిమా లేదు.

మొదటి రెండు రోజులు ఆయన కెమెరా బయటికే తీయలేదు. మగ్గం పక్కన నేల మీద కూర్చున్నాడు. వారానికి నాతో పది మాటలు మాట్లాడని నాయన, ఆయనకు సైగలతో అన్నీ చెప్పాడు. అడ్డదారం కండె ఉండే నాడె చేతికిచ్చి విసరమన్నాడు. అది దారాల్లో చిక్కుకుంటే పకపకా నవ్వాడు. చిన్నప్పుడు నేను అలా చిక్కు పెడితే వీపు పగిలేది.

మూడో రోజు ఆయన కెమెరాను గుంట అంచున, తొక్కుడు కర్రల మీద ఆడే నాయన పాదాలకు ఎదురుగా పెట్టాడు. పుట్టినప్పటి నుంచి ఆ పాదాలు చూస్తున్నాను. ఆ చోటు నాకు తట్టలేదు.

నాలుగో రోజు టేపు రికార్డరు పెట్టి, కొడుకు మగ్గం ఎందుకు ఎక్కలేదో అడగమన్నాడు. అడిగాను. నాయన నన్ను చూడకుండా ఆయనకే జవాబు చెప్పాడు.

"వాణ్ణి మగ్గంలోంచి నేనే లేపి పంపేసినా. మగ్గంలో కూసున్నా వాడి కండ్లు నాడె మీద ఉండేవి కాదు. ఇంటి కప్పులో అద్దం పెంకులోంచి ఎండ దారాల మీద పడతా ఉంటే దాన్నే సూస్తా ఉండిపోయేవాడు. కొట్టినాను గూడా. ఆమీట తెలిసొచ్చింది, వాడిది సూసే కన్ను అని. అందుకే పొమ్మన్నా."

తెగిన దారం ఒకటి ముడేసి మళ్లీ అన్నాడు. "ఊరందరి ఫోటోలు తీసినాడు. నన్ను మగ్గంలో ఒకసారి గూడా తియ్యలేదు. దానికి సముద్రం దాటి సీమ నుంచి నువ్వు రావాల్సొచ్చింది దొరా."

"ఏమన్నారు?" అని దర్శకుడు అడిగాడు.

"ఈ కాలం పిల్లలకు నేత కష్టమంటున్నాడు" అన్నాను.

"చాలాసేపు మాట్లాడారే?"

"పెద్దవాళ్లు చెప్పిందే చెబుతారు."

సిగ్గు వల్ల కొంత దాచాను. అంతకంటే ఎక్కువ కుళ్లుతో దాచాను. నాది చూసే కన్ను అని నాయన నోట వినాలని ముప్పై ఏళ్లుగా ఎదురుచూశాను. ఆ మాటను నాలుగు రోజుల కింద వచ్చినవాడికి ఇచ్చేశాడు. ఆయన సినిమాలో అది ఉండకూడదనుకున్నాను.

రెండేళ్లకు ఉత్తరం వచ్చింది. మద్రాసులో చిన్న హాల్లో సినిమా వేస్తున్నారని, నాయనను తీసుకురమ్మని. ఉతికిన పంచె కట్టుకుని నాయన వచ్చాడు. తెర మీద నాయన మాట్లాడుతుంటే కింద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. అద్దం పెంకు, ఎండ, నేను తీయని ఫోటో, ఒక్క మాట కూడా పోలేదు.

"కింద ఏందో పడతా ఉండాదే, ఏంది?" అని నాయన అడిగాడు.

"నువ్వు చెప్పిందే నాయనా."

"అంతా పడినాదా? ఆ పొద్దు నేను అంతసేపు మాట్లాడితే నువ్వు ఒక ముక్కే చెప్పినావే."

నేను తెర మీది అక్షరాలే చదువుతూ కూర్చున్నాను.

సినిమా అయ్యాక దర్శకుడు వచ్చి నాయన చేతులు పట్టుకున్నాడు. లండన్‌లో చదువుకుంటున్న ఒక తెలుగమ్మాయికి టేపు వినిపించానని నాతో మెల్లగా అన్నాడు. నిష్ఠూరంగా ఒక్క మాట అనలేదు. పైగా, వచ్చే నెల నెల్లూరు వైపు ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ల మీద సినిమా తీస్తున్నానని, రెండో కెమెరా పట్టమని అడిగాడు.

"పెళ్లి ముహూర్తాలున్నాయి, కుదరదు" అన్నాను. దొర ఏమడిగాడని నాయన అంటే, జరిగింది చెప్పాను.

తిరుగు బస్సు మద్రాసు దాటాక నాయన నా వైపు తిరిగాడు. "వచ్చేది ఆషాడం. పెండ్లిండ్లు యాడివి?" అన్నాడు.

"ఆ దొరను సూస్తే ఓర్చుకోలేకుండా ఉండాను నాయనా."

నాయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "మీ చిన్నాయన నేసే అంచు సూసి నాకు కూడు దిగేది కాదు. మూడు నెలలు వాడి మగ్గం పక్కకే పోలా. ఆమీట పోయి పక్కన కూసోని నేర్చుకున్నా. కుళ్లు పోయిందా అంటే పోలా. అంచు మాత్రం వచ్చింది."

మర్నాడే దర్శకుడికి వస్తానని ఉత్తరం రాశాను. రమ్మని తంతి వచ్చింది.

ఉప్పు మడుల్లో నలభై రోజులున్నాం. మొదటి రోజు నేను ఒకచోట కెమెరా పెట్టి, గంటసేపు సరిచూసుకుని, బాగుందనుకున్నాను. ఆయన వచ్చి చూసి, ఏమీ అనకుండా దాన్ని రెండడుగులు పక్కకు జరిపాడు. కన్ను ఆనించి చూశాను. అదే సరైన చోటు. మళ్లీ కడుపు మండింది. మరుసటి రోజు ఆయనకంటే ముందే లేచి మడుల్లోకి దిగాను.